ఆ బస్సులో పదిహేనుమందిమి ఉన్నాం

ప్రశ్న: మేడమ్, నెల రోజుల కింద ఒక రాత్రి పదింటప్పుడు బస్సులో ఇంటికి వస్తున్నాను. అంతా కలిపి పదిహేనుమందిమి ఉంటాం. నాకు రెండు సీట్ల ముందు ఒకమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. ఇరవై ఏళ్లుంటాయేమో. ఇంతలో నడివయసు మనిషొకడు ఎక్కాడు. బోలెడు సీట్లు ఖాళీగా ఉన్నా వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఏదో మాట్లాడుతూ మీద మీదకు జరుగుతున్నాడు. ఆమె బ్యాగు ఒళ్లోకి లాక్కుని కిటికీకి అతుక్కుపోయింది. ఒకసారి అతని చెయ్యి తోసేసింది కూడా. తెలిసినవాళ్లేమో, ఇంటి గొడవేమో అనుకున్నాను. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. తర్వాతి స్టాపులో ఆమె గబుక్కున లేచి దిగిపోయింది. అతను బస్సులోనే ఉండిపోయాడు. అది ఆమె దిగాల్సిన స్టాపు కాదని నాకు తర్వాత తట్టింది. దిగేముందు వెనక్కి తిరిగి నావైపు చూసింది. ఆ చూపు నన్ను వదలడం లేదు, నిద్ర పట్టడం లేదు. మా ఆవిడతో చెబితే "మంచి పని చేశావు, నీకేమన్నా అయితే మేమేం కావాలి" అంది. నేను పిరికివాణ్నా? కళ్లెదుట నేరం జరుగుతుంటే ఆపాల్సిన బాధ్యత నాకుందా? మళ్లీ ఇలాంటిది ఎదురైతే ఏం చెయ్యాలి? (పేరు వెయ్యవద్దు)

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "పర్లేదు, మర్చిపోండి" అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ రాత్రి ఆ అమ్మాయికి ఒక మనిషి తోడు కావాల్సి వచ్చింది, దొరకలేదు. మీకు నిద్ర పట్టకపోవడం ఆ సంగతి మీకు తెలుసు కాబట్టే. అలాగని మీరు పిరికివారని తేల్చెయ్యను. ఆ కాసేపట్లో మీలో ఏం జరిగిందో మీ ఉత్తరంలోని మూడు వాక్యాలే చెబుతున్నాయి. తెలిసినవాళ్లేమో అనుకున్నాను. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఇలా ఆగిపోయినవాళ్లు ఎవరిని కదిపినా దాదాపు ఇవే మాటలు చెబుతారు.

మొదటి మాట తీసుకోండి. 1976లో అమెరికాలో షాట్‌లాండ్, స్ట్రా అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. నటుల చేత ఒక మగవాడు ఒక ఆడమనిషిని పట్టుకుని ఊపేస్తున్నట్టు, ఆమె పెనుగులాడుతున్నట్టు చేయించారు. ఆమె "నువ్వెవరో నాకు తెలీదు" అని అరిచినప్పుడు చూస్తున్నవాళ్లలో నూటికి 65 మంది అడ్డుపడ్డారు. "నిన్నెందుకు పెళ్లి చేసుకున్నానో" అని అరిచినప్పుడు అడ్డుపడింది 19 మందే. అదే పట్టు, అదే పెనుగులాట. మధ్యలో ఒక సంబంధం ఉందనుకోగానే చూసేవాళ్ల కాళ్లు ఆగిపోయాయి.

మీ విషయంలో ఆమె ఒక్క మాటా అనలేదు కాబట్టి ఆ సంబంధాన్ని మీరే ఊహించుకున్నారు. అది ఊహించుకుంటే కూర్చున్నచోట కూర్చోవచ్చు గనక మనసు దాన్ని పట్టుకుంది. కానీ ఆమె అతని చెయ్యి తోసెయ్యడం మీరు చూశారు. అతను భర్తే అయినా, అన్నే అయినా, తోసిన చెయ్యి తోసినట్టే. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో తేలకపోయినా ఆమెకు అది ఇష్టం లేదన్నది తేలిపోయింది. కదలడానికి మీకు కావాల్సింది ఆ ఒక్కటే.

ఇక ఫోన్లు చూసుకుంటున్న మిగతావాళ్లు. వాళ్లంతా మీలాగే ఓరకంట పక్కవాళ్లను చూస్తూ ఉండి ఉంటారు. పక్క సీటాయన నిమ్మళంగా ఉన్నాడు కాబట్టి పెద్ద విషయం కాదేమో అని మీరు, మీరు నిమ్మళంగా ఉన్నారు కాబట్టి పెద్ద విషయం కాదేమో అని ఆ పక్క సీటాయన. లోపల అందరికీ టెన్షనే, పైకి మాత్రం ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. మొహాలు కనపడకపోయినా, ఇంకెవరో ఉన్నారన్న ఊహ ఒక్కటే మనిషిని ఆపుతుందా అని 1968లో డార్లీ, లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించారు. విద్యార్థులను విడివిడి గదుల్లో కూర్చోబెట్టి ఇంటర్‌కమ్‌లో మాట్లాడించారు. మధ్యలో ఒకరికి ఫిట్స్ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో నూటికి 85 మంది ఆ గొంతు ఆగేలోపే సాయం కోసం వెళ్లారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో వెళ్లింది 31 మందే. ఈ అంకెలు చాలాచోట్ల కనిపిస్తాయి గానీ వాటి పక్కనే ఉన్న ఇంకో సంగతి నాకు ముఖ్యమనిపిస్తుంది. కదలకుండా కూర్చున్నవాళ్ల గదిలోకి చివరికి పరిశోధకులు వెళ్లి చూస్తే చాలామందికి చేతులు వణుకుతున్నాయి, అరచేతుల్లో చెమట. "అతనికి ఎలా ఉంది?" అని అడిగారు. పట్టించుకోని మనుషులు కారు వాళ్లు. వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోలేక ఆ కుర్చీలోనే ఇరుక్కుపోయారు. మీరూ ఆ రాత్రి అక్కడే ఇరుక్కున్నారనుకుంటాను.

ఆ ప్రయోగానికి కారణమైన ఘటన గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దాన్ని లోకం చాలా ఏళ్లు తప్పుగా చెప్పుకుంది. 1964 మార్చి 13 తెల్లవారుజామున న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో కిట్టీ జెనోవీస్ అనే 28 ఏళ్ల యువతి పని ముగించుకుని ఇంటికి వస్తుంటే ఒకడు కత్తితో దాడి చేశాడు. 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఒక్కరూ కదల్లేదని రెండు వారాల తర్వాత న్యూయార్క్ టైమ్స్ రాసింది. నగరం మనుషులు రాళ్లయిపోయారని ఎక్కడెక్కడో ఉపన్యాసాలు నడిచాయి. తర్వాత తేలిందేమిటంటే, మొత్తం చూసినవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది నిద్రమత్తులో ఏదో అరుపు విన్నారు, అంతే. ఆ పత్రికే 2016లో తన కథనంలో లోపాలున్నాయని ఒప్పుకుంది.

ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో చూడండి. దాడి మొదలవగానే పై అంతస్తు నుంచి ఒకాయన "ఆ అమ్మాయిని వదిలెయ్" అని అరిచాడు. ఆ అరుపుకు హంతకుడు పారిపోయాడు. చేతిలో కత్తి ఉన్నవాణ్ని కిటికీలోంచి వచ్చిన ఒక్క గొంతు తరిమేసింది. ఆమె దెబ్బలతో తూలుకుంటూ భవనం వెనకవైపుకు నడిచింది. వాడు దాదాపు పది నిమిషాలకు మళ్లీ వచ్చాడు. ఈ మధ్యలో ఆమె దగ్గరికి ఎవరూ చేరలేదు. నేను ఎప్పుడు ఈ ఘటన తలచుకున్నా ఆ పది నిమిషాల దగ్గరే ఆగిపోతాను. అరిచినాయన పెద్ద పని చేశాడు, దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆమెకు అప్పుడు కింద ఒక మనిషి కావాలి. చివరికి విషయం తెలియగానే సోఫియా ఫరార్ అనే పొరుగింటావిడ, హంతకుడు ఇంకా అక్కడే ఉన్నాడో లేదో తెలియకపోయినా, మెట్లు దిగి పరుగెత్తింది. చావుబతుకుల్లో ఉన్న కిట్టీని చేతుల్లోకి తీసుకుని, సాయం వచ్చేదాకా ఆమెతోనే ఉంది. 38 మంది కథలో ఈవిడ లేదు.

హంతకుడు ఎలా దొరికాడో కూడా ఆ కథలో లేదు. ఆరు రోజుల తర్వాత అదే క్వీన్స్‌లో పట్టపగలు ఒక ఇంట్లోంచి టీవీ మోసుకుపోతుంటే పొరుగాయన ఆపి "ఎవరు నువ్వు?" అని అడిగాడు. "సామాన్లు మార్చే పనివాణ్ని" అన్నాడు వాడు. ఈయన నమ్మినట్టే ఊరుకుని, ఇంకో పొరుగాయనను "వాళ్లు ఇల్లు మారుతున్నారా?" అని అడిగాడు. లేదని తేలింది. ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు, ఇంకొకరు వాడి కారు కదలకుండా చేశారు. ఎవరూ వాడి మీద చెయ్యి వెయ్యలేదు. అడిగారు, పక్కవాళ్లతో సరిచూసుకున్నారు, ఫోన్ చేశారు. దొంగతనమనుకుని పట్టించినవాడు హంతకుడని తర్వాత తెలిసింది.

ఇక బాధ్యత సంగతి. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. ఫ్రాన్స్ శిక్షాస్మృతిలోని 223-6 అధికరణం ప్రకారం, ఒక మనిషి ఒంటిమీద జరిగే నేరాన్ని తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం లేకుండా ఆపగలిగి ఉండి కూడా కావాలని ఊరుకుంటే ఐదేళ్ల వరకు జైలు, 75,000 యూరోల వరకు జరిమానా పడొచ్చు. జర్మనీలో ఆపదలో ఉన్నవాళ్లకు చెయ్యగలిగిన సాయం చెయ్యకపోతే ఏడాది వరకు జైలు లేదా జరిమానా. ఇంగ్లండులోనూ, ఆ చట్ట సంప్రదాయం నుంచి వచ్చిన చాలా దేశాల్లోనూ దారిన పోయే మనిషి మీద అలాంటి బాధ్యత మామూలుగా ఉండదు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 1960ల్లోనే ఒక చట్టం చేసింది గానీ జరిమానా 100 డాలర్లు మించదు. భారతదేశంలోనూ అడ్డుపడి తీరాలన్న సాధారణ నియమం లేదు. కానీ పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. ఇతరుల ప్రాణాన్ని, శరీరాన్ని కాపాడటానికి అవసరమైన మేరకు బలం వాడే హక్కు కూడా చట్టంలో ఉంది. ఫ్రాన్స్ అంత గట్టి చట్టం కూడా "తనకు ప్రమాదం లేకుండా" అనే షరతు పెట్టింది చూడండి. కత్తికి ఎదురెళ్లమని అది కూడా అడగడం లేదు.

చట్టం అడగకపోతే బాధ్యత లేదా? ఉందనే నా నమ్మకం. అది ఆ మనిషిని పట్టుకుని కొట్టే బాధ్యత కాదు. ఆ అమ్మాయి ఒంటరిది కాదని ఆమెకూ వాడికీ తెలిసేలా చేసే బాధ్యత. ఆపడం అంటే కలబడటమే అని మనం చిన్నప్పటి నుంచీ అనుకుంటాం. కలబడే సత్తా మనకు లేదనిపించగానే చేతులు ముడుచుకుంటాం. కలబడటానికీ చేతులు ముడుచుకోవడానికీ మధ్య ఎంత చోటుందో ఆ క్షణంలో కనపడదు.

నాకూ కనపడలేదు. చాలా ఏళ్ల కింద మేముండే అపార్ట్‌మెంట్‌లో గోడ అవతల నుంచి ఒకావిడ ఏడుపు వినిపించేది, ఏదో విసిరిన చప్పుడు, మళ్లీ ఏడుపు. మూడు వారాలు విన్నాను. మనమెందుకు కల్పించుకోవడం అని టీవీ సౌండ్ పెంచిన రోజులున్నాయి. ఒక రాత్రి చప్పుడు మరీ గట్టిగా వచ్చింది. వెళ్లి బెల్లు కొట్టాను. ఆయన తలుపు సగం తీశాడు. ఏం అనాలో నాకు తెలియదు. "మా ఇంట్లో కరెంటు పోయిందండీ, మీకుందా?" అన్నాను. నా వెనక వరండాలో లైటు వెలుగుతూనే ఉంది. ఆయన ఆ లైటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఉంది" అన్నాడు. నేను వెంటనే కదల్లేదు. ఆయన భుజం మీదుగా లోపలికి చూసి "మీరు బాగానే ఉన్నారా?" అని ఆవిడను అడిగాను. ఆవిడ తలూపింది. వచ్చేశాను. గుండె దడ తగ్గడానికి గంట పట్టింది. నా వల్ల ఆవిడకు ఇంకా ఎక్కువ దెబ్బలు పడతాయేమో అని భయం కూడా వేసింది. ఆ రాత్రి మాత్రం మళ్లీ చప్పుడు రాలేదు. నాలుగు రోజుల తర్వాత లిఫ్టులో ఎదురుపడితే ఆవిడ నేల చూస్తూ "ఆ రోజు కరెంటు పోలేదు కదా" అంది. "లేదు" అన్నాను. అప్పుడు ఫోన్ నంబర్ అడిగింది. ఆ తర్వాత జరిగినవన్నీ ఆవిడ విషయాలు, ఇక్కడ రాయను. సరిగ్గా ఇలాగే బెల్లు కొట్టమని మగవాళ్లను అడుగుతూ 2008లో "బెల్ బజావో" అనే ప్రచారం నడిచిందని నాకు తర్వాత తెలిసింది. నేను కొట్టినప్పుడు ఎవరూ చెప్పలేదు, అందుకే మూడు వారాలు పట్టింది.

ఇప్పుడు మిమ్మల్ని మళ్లీ ఆ బస్సు ఎక్కిస్తాను. ఆమె బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. మీరు లేచి వెళ్లి ఆమె సీటు పక్కన నిలబడతారు. అతనితో కాదు, ఆమెతో మాట్లాడతారు. "ఏమ్మా, ఏమన్నా ఇబ్బందా? ఇటు వచ్చి కూర్చుంటావా?" అంతే. గొంతు మామూలుగానే ఉండాలి, కానీ నాలుగు సీట్ల అవతలకు వినపడాలి. అతను "నీకెందుకు?" అంటాడు, దాదాపు ప్రతివాడూ అనే మాట అదే. జవాబు చెప్పకండి, అతనితో వాదన పెట్టుకుంటే ఆమె సంగతి పక్కకు పోతుంది. చూపు ఆమె మీదే ఉంచి మళ్లీ అడగండి. ఆమె "ఏం లేదు, మా అన్నయ్యే" అంటే "సరేనమ్మా" అని వెనక్కి వచ్చేస్తారు. కొంచెం ఇబ్బందిగా అనిపిస్తుంది, రెండు స్టాపుల్లో పోతుంది. నేరుగా అడగడానికి నోరు రాకపోతే టైమెంతయింది అని అడగండి, ఈ బస్సు ఫలానా చోటికి వెళ్తుందా అని అడగండి. నా కరెంటు ప్రశ్న లాంటిదే. ఆమెకు లేచి పక్కకు జరగడానికి ఆ పాటి సందు చాలు.

అతను తాగి ఉంటేనో, చేతిలో ఏదన్నా ఉంటేనో దగ్గరికి వెళ్లకండి. డ్రైవర్ దగ్గరికి వెళ్లి చెప్పండి, అత్యవసర నంబర్‌కు ఫోన్ చెయ్యండి. మిగతావాళ్లను కదిలించాలంటే "ఎవరైనా రండి" అని అరిస్తే లాభం లేదు. ఆ "ఎవరైనా" ఎవరి మీదా పడదు. ఒకరి వైపు చూసి "నీలం చొక్కా ఆయనా, మీరు పోలీసులకు ఫోన్ చెయ్యండి" అనండి. 1975లో మోరియార్టీ అనే పరిశోధకుడు సముద్రపు ఒడ్డున ఒక చిన్న దొంగతనం నటింపజేశాడు. తన రేడియో దుప్పటి మీద వదిలి వెళ్తూ పక్కనున్నవాళ్లను "కాస్త చూస్తుంటారా?" అని అడిగితే, దొంగ వచ్చినప్పుడు 20 మందిలో 19 మంది అడ్డుపడ్డారు. అలా చూస్తుండమని అడగకుండా వెళ్లినప్పుడు అడ్డుపడింది 20 మందిలో నలుగురు. మనుషులు చెడ్డవాళ్లు కాదు. వాళ్లకు పని అప్పజెప్పాలి.

ఒకరు లేస్తే ఇంకొకరు లేస్తారని నేను ఊరికే ధైర్యం చెప్పడం లేదు. ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ నగరాల్లో వీధి కెమెరాలకు చిక్కిన 219 గొడవలను పరిశోధకులు ఒక్కొక్కటిగా చూసి 2019లో ఫలితం చెప్పారు. పదింట తొమ్మిదింటిలో చూస్తున్నవాళ్లలో కనీసం ఒకరు కల్పించుకున్నారు, చాలాసార్లు ఒకరికి మించి. వాళ్లు చేసింది ఎక్కువగా చెయ్యి అడ్డం పెట్టడం, శాంతించమని సైగ చెయ్యడం, ఒకరిని పక్కకు లాక్కెళ్లడం, దెబ్బ తిన్నవాళ్లను ఓదార్చడం. ఎంత ఎక్కువమంది ఉంటే బాధితులకు ఎవరో ఒకరు సాయం వచ్చే అవకాశం అంత పెరిగింది. మీ బస్సులో పదిహేనుమంది ఉండటం అడ్డంకి కాదు, మొదటి మనిషి లేవనంతసేపే అడ్డంకి.

అందరూ లేచాక ఇంకో ప్రమాదం ఉంది. ఆమె పక్కకు వచ్చేశాక, అతను దిగిపోతున్నప్పుడు, నలుగురు కలిసి అతన్ని కొడదామనే ఊపు వస్తుంది. దానికి మీరు అడ్డం నిలబడాలి. అప్పుడు దెబ్బలు తింటున్నది అతనైనా, జరుగుతున్నది ఇంకో నేరమే. వీడియో విషయంలో కూడా జాగ్రత్త. ఆమెకు అప్పటికే ఎవరో సాయం చేస్తుంటే తియ్యండి, సాక్ష్యంగా పనికొస్తుంది. తీశాక అది ఆమెది. ఆమె అడిగితే ఆమెకో పోలీసులకో ఇవ్వండి, నెట్‌లో పెట్టకండి.

మీ ఆవిడ మాట తప్పని నేననను. ఆవిడ భయపడింది మీరు కలబడతారేమోనని. పైన రాసిందంతా ఆవిడకు చదివి వినిపించండి. సీటు పక్కన నిలబడి "ఏమన్నా ఇబ్బందా?" అని అడగడానికి ఆవిడ అభ్యంతరం చెబుతుందని నాకనిపించడం లేదు. ఆవిడా ఒంటరిగా బస్సెక్కే మనిషే అయితే అసలు చెప్పదు. ఆ వాక్యాన్ని ఇంట్లోనే గొంతెత్తి నాలుగుసార్లు అని చూడండి, ఆవిడ ఎదుటే. మనసులో అనుకున్న మాట అవసరానికి గొంతు దాటదు, ఒకసారి పైకి అన్న మాట దాటుతుంది.

ఆ అమ్మాయి. మీరు అదే బస్సులో వెళ్తుంటారు కాబట్టి ఎప్పుడో మళ్లీ కనిపించవచ్చు. వెతుక్కుంటూ వెళ్లకండి, ముక్కూమొహం తెలియని మగమనిషి వెంటపడితే అది ఆమెకు మళ్లీ భయమే. తనంతట తాను ఎదురై మిమ్మల్ని గుర్తుపట్టినట్టనిపిస్తే, దూరంగానే నిలబడి "ఆ రోజు నేను చూశాను, లేవాల్సింది, లేవలేదు. క్షమించమ్మా" అనండి. కంప్లయింట్ ఇవ్వాలనుకుంటే సాక్ష్యం చెబుతానని కూడా అనండి, ఆ మాట మీద నిలబడేటట్టయితేనే. అతను ఎక్కిన స్టాపు, వేసుకున్న బట్టలు, తేదీ, టైము, బస్సు నంబరు గుర్తున్నంతవరకు ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. నెల గడిచింది, ఇంకో నెలకు సగం చెరిగిపోతాయి. ఆమె మిమ్మల్ని క్షమించకపోవచ్చు, ఏమీ మాట్లాడకుండా మొహం తిప్పుకోవచ్చు. అలా చేస్తే ఇంకో మాట పొడిగించకుండా వెళ్లి మీ సీట్లో కూర్చోండి.